గాజు తీగ తెగితే మండలం మూగ

పొక్లెయిన్‌ పంటి దెబ్బకు స్తంభిస్తున్న సేవలు
అతుకు వేయడం నిమిషాల పని.. తెగిన చోటు పట్టుకోవడమే అసలు పరీక్ష
రెండో దారి ఉంటేనే దీవి గ్రామాలకు ఊరట

అమలాపురం: ‘సర్వరు పడిపోయింది, రేపు రండి’. ధ్రువపత్రం కోసం మీసేవ కేంద్రానికి వెళ్లిన రైతుకు, పరీక్ష రుసుం కట్టేందుకు వచ్చిన విద్యార్థికి, పంచాయతీ కార్యాలయం మెట్లెక్కిన వృద్ధురాలికి తరచుగా వినిపించే మాట ఇది. నిజానికి ఆ సమయంలో సర్వరుకు ఏ లోపమూ ఉండకపోవచ్చు. ఎక్కడో రోడ్డు పక్కన డ్రైనేజీ తవ్వుతున్న పొక్లెయిన్‌ పంటికి తగిలి వేలెడు లావు లేని నల్లని కేబుల్‌ ఒకటి తెగి ఉంటుంది. లేదా గాలివానకు కొబ్బరి చెట్టు విరిగి, స్తంభాల మధ్య వేలాడుతున్న తీగను నేలకు లాగి ఉంటుంది. ఆ కేబుల్‌లో రాగి ఉండదు, విద్యుత్తు ప్రవహించదు. ఉన్నదల్లా సన్నని గాజు నారలు, వాటిలో పరుగెత్తే వెలుతురు. ఆ వెలుతురు ఆగితే దానికి ఆవల ఉన్న గ్రామాలన్నీ ఒక్కసారిగా మూగబోతాయి.

ఇరవై ఏళ్ల క్రితం ఊళ్లో టెలిఫోను మూగబోతే పది ఇళ్లకు మించి ఇబ్బంది ఉండేది కాదు. నేడు భూమి రికార్డు చూడాలన్నా, బ్యాంకులో వేలిముద్ర వేయాలన్నా, కిరాణా దుకాణంలో ఫోను చూపి డబ్బు చెల్లించాలన్నా సమాచారం ఎక్కడికో వెళ్లి తిరిగి రావలసిందే. సెల్‌ఫోను ఉంది కదా అన్న ధీమా కూడా పూర్తిగా నిజం కాదు. ఫోను నుంచి టవరు వరకే గాలిలో ప్రయాణం. టవరు నుంచి ఆవలకు చాలా చోట్ల సంకేతాలను మోసేది ఈ గాజు తీగే. అందుకే ఒకే దెబ్బకు ఇంటి ఇంటర్నెట్‌తో పాటు సెల్‌ సంకేతం కూడా మాయమైన సందర్భాలు ప్రజలకు అనుభవమే.

వెంట్రుకలో పదో వంతు దారి

ఈ నార మొత్తం మందం 125 మైక్రాన్లు. అంటే మిల్లీమీటరులో ఎనిమిదో వంతు. దాని నడిమధ్యన వెలుగు నడిచే గర్భభాగం సుమారు 9 మైక్రాన్లే. మనిషి వెంట్రుకలో దాదాపు పదో వంతు అన్నమాట. గర్భభాగం, దాని చుట్టూ ఉన్న పొర రెండూ గాజే అయినా వాటి స్వభావంలో స్వల్ప భేదం ఉంటుంది. కాలువలో మునిగి ఈదేవారు నీటి అడుగు నుంచి ఏటవాలుగా పైకి చూసినప్పుడు నీటి ఉపరితలం అద్దంలా మెరవడం గమనించే ఉంటారు. వెలుగు బయటికి పోలేక లోపలికే తిరిగి వస్తుంది. గాజు నారలోనూ ఇదే సూత్రం. బయటి పొర దాటి పోలేని వెలుగు గర్భభాగంలోనే ముందుకు సాగిపోతుంది. సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్ల వేగంతో పరుగెడుతుంది. ఇది కంటికి కనిపించే వెలుగు కాదు, పరారుణ కిరణం. కనుకనే తెగిన కేబుల్‌ కొసను కంటి దగ్గర పెట్టుకుని ‘వెలుగు వస్తోందా’ అని చూడటం ప్రమాదకరం.

గాజులో నుంచి దూరాలకు మాట పంపవచ్చన్న ఆలోచన ఒకప్పుడు పగటికలగానే తోచేది. పంజాబులోని మోగాలో జన్మించిన నరీందర్‌ సింగ్‌ కపానీ, తన ఆచార్యుడు హెరాల్డ్‌ హాప్కిన్స్‌తో కలిసి 1954లో గాజు నారల కట్ట గుండా చిత్రాన్ని పంపవచ్చని చూపారు. అయితే నాటి గాజులో మలినాలు ఎక్కువ. కొద్ది మీటర్లు దాటేసరికే వెలుగు నీరసించేది. లోపం గాజుది కాదని, అందులోని మలినాలదని, వాటిని తొలగిస్తే కిలోమీటర్ల దూరం పంపవచ్చని 1966లో చార్లెస్‌ కావో ప్రతిపాదించారు. ఈ కృషికి 2009లో ఆయనకు నోబెల్‌ బహుమతి లభించింది. కిలోమీటరు ప్రయాణించాక నూటికి ఒక వంతు వెలుగు మిగిలితే చాలునని అప్పటి లక్ష్యం. 1970లో అమెరికాలోని కార్నింగ్‌ సంస్థ ఆ గీతను దాటింది. నేటి నారల్లో అదే నూటో వంతు మిగలాలంటే 100 కిలోమీటర్లు ప్రయాణించాలి. గాజును శుద్ధి చేసే విద్య ఎంతటి మార్పు తెచ్చిందో ఈ ఒక్క లెక్కే చెబుతుంది.

గాజు చవక, ముడిసరుకు ఇసుకలోని సిలికానే. నార సన్నన, బరువు స్వల్పం. ఇన్ని సుగుణాలున్నా గ్రామాలకు అది చేరడంలో, చేరినది నిలవడంలో ఎదురవుతున్న చిక్కులు గాజువి కావు. అవన్నీ దారివే.

వాటాలు పడే వెలుగు

మండల కేంద్రంలోని టెలిఫోన్‌ ఎక్స్ఛేంజిలోనో, విద్యుత్‌ ఉపకేంద్రంలోనో ఒక ప్రధాన పరికరం ఉంటుంది. సాంకేతిక సిబ్బంది దీనిని ఓఎల్‌టీ అంటారు. అక్కడ బయలుదేరిన ఒక్క నార గ్రామానికి చేరాక స్ప్లిటర్‌ అనే చిన్న డబ్బీలో అనేక పాయలుగా చీలుతుంది. ధవళేశ్వరం వద్ద అఖండ గోదావరి పాయలైనట్లే ఇక్కడ వెలుగు పాయలవుతుంది. ఒక నార 32 ఇళ్లకు, కొన్ని చోట్ల 64 ఇళ్లకు పంపకమవుతుంది. స్ప్లిటర్‌కు విద్యుత్తు అవసరం లేదు. అందుకే స్తంభం మీద ఎండకు, వానకు ఏళ్ల తరబడి పడి ఉండగలదు. ఇంటి గోడకు ఉండే పెట్టె ఆ వెలుగును తిరిగి విద్యుత్‌ సంకేతంగా మార్చి కంప్యూటరుకు, టీవీకి, ఫోనుకు అందిస్తుంది. మండలం నుంచి ఇంటికి ఒక రంగు కిరణం, ఇంటి నుంచి మండలానికి మరో రంగు కిరణం ఒకే నారలో ఎదురెదురుగా ప్రయాణిస్తాయి. ఒకదానినొకటి ఢీకొనవు. విస్తృతంగా వాడుకలో ఉన్న జీపాన్‌ పద్ధతిలో ఒక నార సెకనుకు దాదాపు 2.5 గిగాబిట్లు దించుతుంది, దాదాపు 1.25 గిగాబిట్లు ఎక్కిస్తుంది. ఇది ఒక్క ఇంటికి కాదు, ఆ నారను పంచుకున్న ఇళ్లన్నిటికీ కలిపి.

పంపకంలో నష్టమూ ఉంది. వెలుగు నష్టాన్ని డెసిబెళ్లలో కొలుస్తారు. 3 డెసిబెళ్లు పోయాయంటే సగం వెలుగు పోయినట్లు, 10 పోయాయంటే పదో వంతే మిగిలినట్లు. సాధారణంగా వాడే పరికరాల జత 28 డెసిబెళ్ల నష్టాన్ని ఓర్చుకోగలదు. అంటే బయలుదేరిన వెలుగులో 630వ వంతు చేరినా చాలు. అబ్బో చాలా ఉంది కదా అనిపిస్తుంది. కానీ ఖర్చులు రాసి చూస్తే లెక్క వేరుగా కనిపిస్తుంది. 32 పాయల స్ప్లిటర్‌ ఒక్కటే 17 డెసిబెళ్ల వరకు మింగుతుంది. 20 కిలోమీటర్ల నారలో మరో 7 పోతాయి. మిగిలిన 4 డెసిబెళ్లలోనే దారిలోని అతుకులు, కొసల్లోని కనెక్టర్లు, ఇంటి మూల వద్ద మెలిపెట్టి మేకు కొట్టిన వంపులు అన్నీ సర్దుకోవాలి.

హడావిడిగా చేసే మరమ్మతు ఎందుకు కొంప ముంచుతుందో ఇక్కడే అర్థమవుతుంది. చక్కగా వేసిన అతుకు 0.1 డెసిబెల్‌ కూడా నష్టపరచదు. దుమ్ములో, చెమట చేతులతో వేసిన అతుకు దానికి పదింతలు తినవచ్చు. సంవత్సరంలో నాలుగుసార్లు తెగి, నాలుగుసార్లు అలా అతికిన తీగలో ముందుగా దెబ్బతినేది చిట్టచివరి ఇళ్లే. వారికి ఎర్రదీపం శాశ్వతంగా వెలగదు. నెట్‌ వస్తుంది, పోతుంది, మళ్లీ వస్తుంది. ఫిర్యాదు చేసిన రోజున సిబ్బంది వచ్చేసరికి పచ్చదీపమే కనిపిస్తుంది. ‘అంతా బాగానే ఉంది’ అని రాసుకుని వెళ్లిపోతారు. ఆ ఇంటి వద్ద కాంతి ఎంత చేరుతోందో కొలిచే చిన్న మీటరు చేతిలో ఉంటే అసలు రోగం నిమిషంలో తేలిపోతుంది. ఆ అంకె చూపించమని అడిగే హక్కు వినియోగదారునికి ఉంది. అడిగేవారే అరుదు.

తెగిన చోటు ఎక్కడ?

కేబుల్‌ తెగిందన్న సంగతి మండల కేంద్రంలోని పరికరం తక్షణమే చెబుతుంది. ఎక్కడ తెగిందో చెప్పడానికి ఓటీడీఆర్‌ అనే మరో పరికరం కావాలి. బావిలో మాట పలికితే ప్రతిధ్వని వచ్చినట్లు, ఇది నారలోకి ఒక వెలుగు తునకను పంపి, తిరిగి వచ్చే వెలుగు కోసం కాచుకుంటుంది. కిలోమీటరు దూరం వెళ్లి రావడానికి 10 మైక్రోసెకన్లు పడుతుంది. 70 మైక్రోసెకన్లకు ప్రతిఫలనం వచ్చి ఆపైన అంతా నిశ్శబ్దమైతే, 7 కిలోమీటర్ల వద్ద నార తెగినట్లు లెక్క. ఇంత సూక్ష్మంగా కొలిచే యంత్రం ఉన్నప్పుడు చిక్కేమిటన్న సందేహం రావడం సహజం.

చిక్కు ఏమిటంటే యంత్రం చెప్పేది నార పొడవు, రోడ్డు పొడవు కాదు. భవిష్యత్తులో మరమ్మతు అవసరమైతే లాగి వాడుకునేందుకు అక్కడక్కడ స్తంభాల మీద, గుంతల్లో కేబుల్‌ను చుట్టలుగా వదిలిపెడతారు. స్తంభాల మధ్య తీగ వంపుగా వేలాడుతుంది. కాలువ మలుపు వద్ద చుట్టూ తిరిగి వస్తుంది. 7 కిలోమీటర్ల నార రోడ్డు మీద ఆరుంబావు కిలోమీటర్ల వద్దే ముగిసిపోవచ్చు. ఏ స్తంభం మీద ఎన్ని మీటర్ల చుట్ట ఉంది, ఏ కల్వర్టు కింద నుంచి ఏ వైపునకు దాటింది అన్న వివరం కేబుల్‌ వేసిన రోజునే కాగితం మీద రాసి ఉంటే, సిబ్బంది నేరుగా ఆ చోట దిగుతారు. రాసి లేకపోతే తలలు పైకెత్తి స్తంభం స్తంభం చూసుకుంటూ మైళ్లు నడవాల్సిందే. నేలలో పూడ్చిన కేబుల్‌ అయితే పరిస్థితి మరీ దయనీయం. చూడటానికి పైన ఏమీ కనిపించదు.

కేబుల్‌ వేసిన గుత్తేదారు ఒకరు, నిర్వహణ చూసే గుత్తేదారు మరొకరు కావడం ఈ రంగంలో పరిపాటి. బిల్లులు వచ్చాక దారి పటం బీరువాకే పరిమితమవుతోంది. మొదటి పదిసార్లు మరమ్మతు చేసిన లైన్‌మన్‌ జ్ఞాపకమే అసలు పటం. అతడు పని మానేసిన నాడు ఆ పటం కూడా అతడితోనే వెళ్లిపోతుంది. కోట్ల విలువ చేసే పరికరాల కంటే ఈ నాలుగు కాగితాలే ఊరిని త్వరగా మాట్లాడిస్తాయనడం అతిశయోక్తి కాదు.

రంగు తప్పితే ఊరు మారుతుంది

చోటు దొరికాక అసలు అతుకు పని ఆరంభమవుతుంది. పొక్లెయిన్‌ పన్ను కేబుల్‌ను కత్తిలా తెగ్గోయదు. పట్టి లాగుతుంది. దాంతో రెండు వైపులా కొన్ని మీటర్ల మేర నారలు లోపలే చిట్లిపోతాయి. ఆ భాగాన్ని కోసి పారేసి, మధ్యలో కొత్త ముక్క వేయాలి. కనుక ఒక్క తెగుడుకు రెండు చోట్ల అతుకులు. 24 నారల కేబుల్‌ అయితే 48 అతుకులు. దగ్గరలోని చుట్ట నుంచి అదనపు కేబుల్‌ లాగే వీలుంటే ఈ పని సగానికి తగ్గుతుంది. చుట్టలు వదిలేది అందుకే. కొలతలు తగ్గించి చూపి చుట్టలు ఎగ్గొట్టిన చోట ప్రతి మరమ్మతు రెట్టింపు పనవుతోంది.

నార మీది రంగు పూతను ఒలిచి, స్పిరిట్‌తో తుడిచి, కొసను సరిగ్గా నిట్టనిలువుగా కోయాలి. రెండు కొసలను ఫ్యూజన్‌ స్ప్లైసర్‌ అనే యంత్రంలో ఎదురెదురుగా ఉంచితే, అది వాటిని మైక్రాన్ల స్థాయిలో సరిచూసి విద్యుత్‌ మెరుపుతో కరిగించి ఒకటి చేస్తుంది. ఆ మెరుపు కొద్ది సెకన్లే. అతుకు మీద సన్నని గొట్టం తొడిగి వేడి చేస్తే గట్టిపడుతుంది. నైపుణ్యం ఉన్న చేతికి ఒక్కో నారకు కొద్ది నిమిషాలు చాలు. అయితే చుట్టూ గాలి, దుమ్ము, వాన. కాలువ గట్టు మీద గొడుగు పట్టించుకునో, వ్యాను వెనుక తలుపు తెరిచి పెట్టుకునో, దగ్గరలోని ఇంటి అరుగు మీద కూర్చునో ఈ పని చేస్తుంటారు. నార తునక ఒకటి వేలిలో దిగితే కంటికి కనిపించదు, తీయడం కష్టం. అందుకే కోసిన ముక్కలన్నీ డబ్బాలో వేయాలి తప్ప నేల మీద వదలరాదు. పిల్లలు, పశువులు తిరిగే చోట ఈ జాగ్రత్త మరీ ముఖ్యం.

నారలకు ఒక రంగుల క్రమం ఉంది. నీలం, నారింజ, ఆకుపచ్చ, గోధుమ, బూడిద, తెలుపు, ఎరుపు, నలుపు, పసుపు, ఊదా, గులాబి, లేత నీలం. ఈ పన్నెండూ అయ్యాక మళ్లీ మొదటి నుంచి. ఏ రంగు నార ఏ గ్రామానిదో పుస్తకంలో రాసి ఉంటుంది. చీకట్లో, టార్చి వెలుగులో బూడిదకు తెలుపు అతికితే ఒక ఊరి వెలుగు మరో ఊరికి పోతుంది. రెండూ పని చేయవు. ఎందుకు పని చేయవో తెలుసుకోవడానికి మరో పూట పడుతుంది. ఆఖరున అతుకులన్నిటినీ ట్రేలో చుట్టి, నీరు చొరని జాయింట్‌ పెట్టెలో ఉంచి బిగిస్తారు. రబ్బరు పట్టీ సరిగా బిగియక నీరు చేరిన పెట్టెలు వర్షాకాలంలో కొత్త తలనొప్పికి మూలమవుతాయి.

రాగి ఉందనుకుని కేబుల్‌ను కోసుకుపోయే దొంగల బెడద వేరు. లోపల గాజు, ప్లాస్టిక్‌ తప్ప అమ్ముకునేందుకేమీ దొరకదు. దొంగకు దక్కేది శూన్యం, ఊరికి వాటిల్లేది ఒక రోజు చీకటి.

స్తంభమా.. భూగర్భమా..

గ్రామ పంచాయతీలకు గాజు తీగ చేర్చే జాతీయ పథకానికి కేంద్ర మంత్రివర్గం 2011 అక్టోబరులో ఆమోదం తెలిపింది. తరువాత దానికి భారత్‌నెట్‌ అని పేరు వచ్చింది. దేశంలోని దాదాపు రెండున్నర లక్షల పంచాయతీలు లక్ష్యం. మొదటి దశ కింద లక్ష పంచాయతీలు పూర్తయ్యేసరికి 2017 డిసెంబరు వచ్చింది. ఆ దశలో అధిక భాగం నేల తవ్వి పూడ్చిన కేబులే. తవ్వకానికి అనుమతులు, రోడ్లు భవనాల శాఖ, నీటిపారుదల శాఖ, రైల్వే, అటవీ శాఖ అంటూ ఒక్కో గడప తొక్కడంలోనే కాలం హరించుకుపోయింది.

ఆంధ్రప్రదేశ్‌ వేరే బాట పట్టింది. ఉన్న విద్యుత్‌ స్తంభాల మీదనే కేబుల్‌ను వేలాడదీస్తే తవ్వకం ఉండదు, ఖర్చు అనేక రెట్లు తగ్గుతుంది, నెలల పని వారాల్లో అవుతుందన్నది ఆలోచన. ఇందుకు లోహం లేని, తన బరువు తానే మోసుకునే ప్రత్యేక కేబుల్‌ను వాడారు. లోహం లేదు కనుకనే విద్యుత్‌ తీగల చెంతన ఉంచగలిగారు. 2015లో ఇందుకోసం రాష్ట్ర ఫైబర్‌నెట్‌ సంస్థ ఏర్పడింది. 2016 డిసెంబరులో తొలి కనెక్షన్లు వెలిగిన ఊరు ఈ గడ్డ మీదిదే. సఖినేటిపల్లి మండలంలోని మోరి. 2017 డిసెంబరు 27న నాటి రాష్ట్రపతి రామ్‌నాథ్‌ కోవింద్‌ ఫైబర్‌గ్రిడ్‌ తొలి దశను ప్రారంభించారు. నెలకు 149 రూపాయలకే 15 ఎంబీపీఎస్‌ ఇంటర్నెట్‌, 250కి మించిన టీవీ ఛానెళ్లు, టెలిఫోను అన్న ప్రకటన అప్పట్లో సంచలనమే. ఆ ధరలు తరువాత మారాయి. ఇళ్లకు కనెక్షను ఇచ్చి చూసుకునే బాధ్యత స్థానిక కేబుల్‌ ఆపరేటర్లది. తెలంగాణ మూడో మార్గం ఎంచుకుంది. మిషన్‌ భగీరథ మంచినీటి పైపుల కోసం తవ్విన కందకంలోనే కేబుల్‌ గొట్టాన్ని కూడా పరిచి, ఒక తవ్వకంతో రెండు పనులు కానిచ్చింది.

వేలాడదీసిన తీగ చవకే గానీ, స్తంభం బతికితేనే అది బతుకుతుంది. కోనసీమ వాసులకు ఈ విషయం విడమరిచి చెప్పనక్కరలేదు. 1996 నవంబరు 6 నాటి తుపానుకు ఇక్కడి కొబ్బరి తోటలు నేలకొరిగిన తీరు నేటికీ మరువలేదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లాలో వేల సంఖ్యలో విద్యుత్‌ స్తంభాలను కూల్చింది. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం సమీపంలోనే తీరం దాటింది. కూలిన స్తంభంతో విద్యుత్‌ తీగా, గాజు తీగా రెండూ నేలపాలవుతాయి. విద్యుత్‌ సిబ్బంది కొత్త స్తంభం పాతే వరకు కేబుల్‌ సిబ్బంది చేతులు కట్టుకుని నిలబడాల్సిందే. తుపాను లేని రోజుల్లోనూ కొబ్బరి మట్ట పడటం, ఎత్తుగా గడ్డి వేసుకున్న లారీ తగలడం, రోడ్డు వెడల్పు చేసేందుకు స్తంభాలు జరపడం వంటివి తప్పవు.

అలాగని భూగర్భం నిర్భయం కాదు. లోపలి గోడ నునుపుగా ఉండే ప్లాస్టిక్‌ గొట్టాన్ని సుమారు అయిదున్నర అడుగుల లోతున పరిచి, అందులోకి గాలి ఒత్తిడితో కేబుల్‌ను పంపడం ప్రమాణం. ఆ లోతున ఉంటే మామూలు తవ్వకాలకు అందదు. లోతు తగ్గించిన చోటే అనర్థాలు. మంచినీటి పైపు, డ్రైనేజీ, రోడ్డు విస్తరణ అంటూ ఒక శాఖ పూడ్చినదాన్ని మరో శాఖ పెళ్లగిస్తోంది. తవ్వకాల వల్ల కేబుళ్లు, పైపులు తెగి దేశంలో ఏటా దాదాపు 3 వేల కోట్ల రూపాయల నష్టం వాటిల్లుతోందని కేంద్రం అంచనా వేసింది. తవ్వే ముందు విధిగా సమాచారం ఇవ్వాలని 2023 జనవరిలో నిబంధనలు వెలువడ్డాయి. అదే ఏడాది మార్చి 22న ‘కాల్‌ బిఫోర్‌ యూ డిగ్‌’ పేరిట మొబైల్‌ యాప్‌ను ప్రధాని ప్రారంభించారు. తవ్వేవారు స్థలం నమోదు చేస్తే, అక్కడ భూగర్భంలో ఆస్తులున్న సంస్థలకు సమాచారం వెళుతుంది. యోచన మేలైనదే. అయితే తన కేబుల్‌ ఎక్కడుందో సంస్థకే పటం లేకపోతే యాప్‌ ఏం చెప్పగలదు? పంచాయతీ పనికి గంటల లెక్కన కిరాయికి వచ్చిన పొక్లెయిన్‌ డ్రైవరుకు ఆ యాప్‌ సంగతి ఎవరు చెప్పాలి? గట్టు మీద పాతిన రాతి గుర్తును చూసి ఆగే డ్రైవర్లు ఉన్నారు. గుర్తే లేని చోట వారిని తప్పుపట్టలేం.

వంతెనలే ప్రాణనాడులు

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా కేబుల్‌ తెగుతుంది. తెగుతుందని ముందే ఒప్పుకుని అల్లిన వల ఒక రకం, తెగదని నమ్మి గీసిన గీత మరో రకం. మండలం నుంచి ఒక ఊరికి, అక్కడి నుంచి మరో ఊరికి కొమ్మలా సాగిపోయే గీతలో మొదట్లో ఒక్క దెబ్బ పడితే చివరి వరకు అన్ని ఊళ్లూ పోతాయి. అదే వలయమైతే, చివరి ఊరి నుంచి మరో దారిలో కేబుల్‌ తిరిగి మండలానికి చేరుతుంది. ఒక వైపు తెగినా పరికరాలు క్షణంలోపే రెండో వైపు తిరుగుతాయి. పొక్లెయిన్‌ పన్ను తగిలిన సంగతి జనానికి తెలియను కూడా తెలియదు. మరమ్మతు చేసేవారికి తీరిక దొరుకుతుంది, అతుకు శుభ్రంగా పడుతుంది.

భారత్‌నెట్‌ తొలి దశల్లో అధిక భాగం గీత పద్ధతే. ఆ లోపాన్ని గుర్తించి 2023 ఆగస్టు 4న కేంద్ర మంత్రివర్గం సవరించిన పథకానికి 1,39,579 కోట్ల రూపాయలతో ఆమోదం తెలిపింది. మండల కేంద్రం నుంచి పంచాయతీల వరకు వలయాలు అల్లడం, వేసిన తరువాత పదేళ్ల పాటు నిర్వహణ బాధ్యతను కూడా గుత్తేదారుకే అప్పగించడం ఇందులోని కొత్త అంశాలు. రెండోది చిన్న మార్పుగా కనిపించినా విశేషమైనది. వేసినవాడే చూసుకోవాలంటే దారి పటం బీరువాలో మగ్గదు.

కోనసీమ విషయానికి వస్తే వలయం మాట చెప్పినంత తేలిక కాదు. గౌతమి, వసిష్ఠ పాయల నడుమ, సముద్రం అంచున ఉన్న ప్రాంతమిది. వైనతేయ దీనిని మళ్లీ రెండుగా చీల్చుతుంది. బయటి నుంచి నేల మార్గాన ఏ తీగ రావాలన్నా వంతెన పట్టుకునో, నది అడుగు నుంచో రావాలి. రాజోలు దీవినే తీసుకుంటే పశ్చిమాన వసిష్ఠపై దిండి - చించినాడ వంతెన, తూర్పున వైనతేయపై బోడసకుర్రు - పాశర్లపూడి వంతెన, ఎగువన పి.గన్నవరం అక్విడక్టు దారులు. వలయం ఒక కొస చించినాడ మీదుగా, రెండో కొస వైనతేయ మీదుగా పోతేనే అది నిజమైన వలయం. రెండు కొసలూ ఒకే వంతెన మీద, ఒకే గొట్టంలో పోతే కాగితం మీది బొమ్మ గుండ్రంగానే ఉంటుంది, వంతెన దగ్గర మంట లేచినా, మరమ్మతుకు గొట్టం తీసినా దీవి మొత్తం చీకటవుతుంది. ఒకే కందకంలో రెండు కేబుళ్లు పరిచి ‘రెండు దారులు’ అని రాసుకోవడం ఈ రంగంలో తరచుగా దొర్లే పొరపాటు. పొక్లెయిన్‌ పంటికి ఒకటైనా రెండైనా ఒకటే.

పంచాయతీ పాలకవర్గాలు, మండల పరిషత్‌ సభ్యులు సర్వసభ్య సమావేశాల్లో ‘మా ఊరికి ఫైబర్‌ వచ్చిందా’ అని అడుగుతుంటారు. ‘ఎన్ని దారుల్లో వచ్చింది, ఆ దారులు ఎక్కడెక్కడ కలుస్తున్నాయి’ అన్నది దాని వెనువెంటనే అడగవలసిన ప్రశ్న. జవాబు చెప్పాలంటే అధికారులు పటం తీయక తప్పదు.

కరెంటు పోతే..

తుపాను తరువాత గాజు తీగ చెక్కుచెదరకున్నా నెట్‌ రాకపోవచ్చు. స్ప్లిటర్‌కు విద్యుత్తు అక్కరలేదు గానీ మండల కేంద్రంలోని పరికరానికి, ఇంట్లోని పెట్టెకు కావాలి. రాగి తీగల పాత టెలిఫోనుకు ఎక్స్ఛేంజిలోని బ్యాటరీల నుంచే 48 వోల్టుల విద్యుత్తు అందేది. ఇంట్లో కరెంటు పోయినా ఫోను మోగేది. గాజు తీగ వెంట విద్యుత్తు రాదు. కనుక ఇంటి ఫోను బతకాలంటే ఇంట్లోనే బ్యాటరీ ఉండాలి. ఈ పెట్టె వాడే విద్యుత్తు స్వల్పం. రౌటర్ల కోసం అమ్మే చిన్న బ్యాటరీ ఒకటి తగిలిస్తే కొన్ని గంటలు నెట్టుకొస్తుంది. పంచాయతీ కార్యాలయాల్లో కంప్యూటరుకు ఇన్వర్టరు పెట్టి ఈ పెట్టెను మాత్రం మామూలు ప్లగ్గులో వదిలేసిన చోట, కంప్యూటరు వెలుగుతూనే ఉంటుంది, పని మాత్రం జరగదు.

ఇంట్లో ఎర్రదీపం వెలిగినప్పుడు పెట్టెను పదే పదే ఆపి వేయడం వల్ల ప్రయోజనం లేదు. వెలుగు అందడం లేదన్నదే ఆ దీపం భావం. పెట్టె వెనుక ఉన్న పసుపు తీగ కొస ఊడిందేమో, ఎక్కడైనా మడత పడిందేమో చూసుకుని, పక్కింటివారికి కూడా లేదేమో కనుక్కుని ఆపరేటరుకు చెబితే పని తేలికవుతుంది. మీ ఒక్కరికే లేకపోతే లోపం వీధిలో, వీధి మొత్తానికి లేకపోతే స్ప్లిటరుకు ఎగువన.

గాలివాన వెలిశాక రోడ్డుకు అడ్డంగా నల్లని కేబుల్‌ పడి ఉంటే అందులో కరెంటు ఉండదు కదా అని చేత్తో ఎత్తి పక్కన వేయడం ప్రాణాంతకం కావచ్చు. దాని మీద ఎక్కడో తెగిపడిన విద్యుత్‌ తీగ ఆనుకుని ఉండవచ్చు, తడిసిన కేబుల్‌ మీదుగా కరెంటు పాకవచ్చు. దూరంగా నిలబడి, రాకపోకలు ఆపి, ముందుగా విద్యుత్‌ సంస్థ టోల్‌ఫ్రీ నంబరు 1912కు, ఆ తరువాతే కేబుల్‌ ఆపరేటరుకు తెలియజేయాలి.